కుడి కొడవలి

మొన్న రావులపాలెం సెంటరులో బస్సు కోసం నిలబడి ఉండగా, వంతెన దిగి వచ్చిన అరటిగెలల లారీ ఒకటి సరిగ్గా నా ముందు ఆగింది. పచ్చి గెలల వాసన కన్నా ముందు కాలిన బ్రేకు వాసన వచ్చింది. చేదుగా, ముక్కులో పొడి కొట్టినట్టు ఉండే వాసన అది. పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకుని వెనక్కి జరిగారు. నేను రెండడుగులు ముందుకి జరిగాను. డ్రైవరు కిందికి దిగి చక్రం చుట్టూ చూసి, తరవాత నా వంక అనుమానంగా చూశాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ పంచె కట్టుకుని, లారీ చక్రం దగ్గర నిలబడి గట్టిగా ఊపిరి పీలుస్తుంటే ఎవరైనా అలాగే చూస్తారు. నాకు వీర్రాజు గారు గుర్తొచ్చారు.

'వీర్రాజు గారు' అని ఇక్కడ ఎంత సులువుగా రాసేశానో చూస్తే నాకే వింతగా ఉంది. తొమ్మిదేళ్ళు ఆయన దగ్గర పని చేశాను. ఆ తొమ్మిదేళ్ళలో ఆయన్ని ఒక్కసారి కూడా అలా పిలవలేదు. అసలు ఏమనీ పిలవలేదు. ఆయన గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నా, ఎటు నుంచి మొదలుపెట్టినా కలం ఆ సంగతి దగ్గరే ఆగిపోయేది. అందుకని ఈసారి అక్కడి నుంచే బయలుదేరుతున్నాను. ఎక్కడికి చేరతానో నాకు తెలియదు.

ఆయన్ని చూడనివాళ్ళకి ముందు ఆయనెవరో చెప్పాలి. రాజమండ్రిలో పదమూడు అపార్ట్‌మెంట్లు కట్టిన బిల్డరు. తాపీమేస్త్రి కొడుకు. ఏడో తరగతితో చదువు మానేసి ఇటుకలు మోశారు, ఆ తరవాత తాపీ పట్టారు, ఆ తరవాత ఒక ప్రహరీ గోడ సొంతంగా ఒప్పుకున్నారు, అక్కడి నుంచి ఇక ఆగలేదు. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. తాను కట్టిన గోడ పక్కనుంచి నడిస్తే ఆవుని నిమిరినట్టు అరచేత్తో రాసుకుంటూ వెళ్ళేవారు. అలాంటి మనిషికి నలభై దాటాక కారు పందాలు పట్టుకున్నాయి. కొండదారుల్లో, తోటల మధ్య మట్టిరోడ్ల మీద మామూలు రాకపోకలు ఆపేసి, ఒక్కొక్క కారునీ విడివిడిగా వదిలి, ఎవరు తక్కువ సమయంలో చివరికి చేరారో చూస్తారు. ర్యాలీ అంటారు. డబ్బున్నవాళ్ళు కుర్రాళ్ళని పెట్టి నడిపిస్తారు. ఈయన తనే నడిపేవారు. ఒక బిల్డింగు పూర్తయితే దాని మీద మిగిలిందంతా ఇంజన్లకీ టైర్లకీ పోయేది. తాను మాత్రం మోరంపూడి దగ్గర కార్ల షెడ్డు వెనక రెండు గదుల ఇంట్లో, భార్య సత్యవతి గారితో ఉండేవారు. వాళ్ళకి పిల్లలు లేరు.

ఇక నేను. మాది పాలకొల్లు దగ్గర ఒక చిన్న దివాణం. చిన్నదైనా దివాణమే. మా తాతగారి నాటికి ఏనుగు లేదు గాని, ఏనుగుని కట్టిన రాయి ఉండేది. నాన్నగారి నాటికి రాయి కూడా లేదు, దాని గురించిన మాట ఉండేది. నా నాటికి ఆ మాట వినేవాళ్ళు లేరు. భూములు పోయాయి, దివాణం పోయింది, రాజమండ్రిలో ఒక అద్దె వాటాలో నేనూ, నా భార్యా, మా నాన్నగారూ మిగిలాము. వీర్రాజు గారి తండ్రి ఏటా వేసవిలో మా దివాణం ప్రహరీకి మరమ్మతులు చేసేవాడు. అతన్ని మా ఇంట్లో అందరూ, పిల్లలతో సహా, 'ఒరే' అనే పిలిచేవారు. ఆ కొడుకు దగ్గర నాకు ఉద్యోగం దొరికింది.

మొదటి రోజు దానవాయిపేటలో సగం లేచిన బిల్డింగు కింద ఆయన ఆఫీసుకి వెళ్ళాను. ఒకే కుర్చీ ఉంది. అది నా వైపు జరిపి, తాను రెండు సిమెంటు బస్తాల మీద కూర్చున్నారు. "బాబుగారండి, మీ ఇంగ్లీషు బాగుంటదని ఇన్నానండి. నాకు కాయితాలు రాసిపెట్టాలండి. ఇళ్ళకి కాదండి, కార్లకి," అన్నారు. పోటీల సంఘాలకి ఉత్తరాలు, లైసెన్సు ఫారాలు, బీమా కాగితాలు, అవన్నీ ఇంగ్లీషులో ఉంటాయట. తరవాత గొంతు తగ్గించి, "జీతమని ఎవరితోటీ అననండి. బాబుగారు సాయం చేత్తన్నారని చెప్తాను," అన్నారు. అది మర్యాదో ఎగతాళో నాకు ఆ రోజు తెలియలేదు. ఆయన ముఖంలో నవ్వు లేదు, లేకపోవడమూ లేదు. ఆయనతో గడిపిన తొమ్మిదేళ్ళూ నాకు అలాగే గడిచాయి.

వారం తిరక్కుండా నాన్నగారు అడిగారు. ఆయనకి అప్పటికే ఎనభై. పడక్కుర్చీలో పడుకుని, కళ్ళు తెరవకుండా అడిగేవారు. "వాణ్ణి ఏమని పిలుస్తున్నావురా?"

"పిలవడం లేదండి," అన్నాను.

"అదీ మంచిదే," అన్నారు ఆయన.

నిజంగానే పిలవడం లేదు. నాన్నగారిలాగా పేరు పెట్టి పిలవడానికి నెలాఖరున అందుకునే కవరు అడ్డం వచ్చేది. గారు తగిలించడానికి మా ప్రహరీ గోడ అడ్డం వచ్చేది, అది ఎప్పుడో కూలిపోయినా సరే. అందుకని మనిషితో పని లేకుండా మాట్లాడటం నేర్చుకున్నాను. "సంతకం కావాలి." "ఫోను వచ్చింది." "కోయంబత్తూరు ఉత్తరానికి జవాబు వెళ్ళాలి." దూరంగా ఉంటే దగ్గేవాణ్ణి. మొదట్లో రెండు మూడుసార్లు దగ్గితే గాని తిరిగి చూసేవారు కాదు. కొన్నాళ్ళకి ఆయనకి నా దగ్గు అలవాటైపోయింది. ఎంత రొదలో ఉన్నా, కాంక్రీటు మిషను తిరుగుతున్నా, ఒక్క దగ్గుకి తల తిప్పి, "ఆయ్, వత్తన్నానండి," అనేవారు. నేను గెలిచానని అనుకునేవాణ్ణి. ఏ ఆటలో గెలిచానో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

ఈ పందాలు ఎందుకో నాకు బోధపడేది కాదు. ఇంత కష్టపడి సంపాదించిన మనిషి దాన్ని బురదలో దొర్లించడమేమిటని ఒకసారి అడిగేశాను, నా పద్ధతిలోనే. "ఇదంతా ఎందుకో," అన్నాను గోడ వైపు చూస్తూ. "ఇల్లు కట్టేసేక దానికి మనతో పనుండదండి బాబుగారు. గృహప్రవేశానికి భోజనం పెడతారు, అంతేనండి. ఇదలా కాదు. ప్రతి మలుపులోనూ మనముండాలి," అన్నారు. బాగుందనిపించి, ఇంటికి వెళ్ళి నా భార్యకి చెప్పాను. నెల తిరక్కుండా అదే ప్రశ్న ఇంకెవరో వేస్తే, తన జాతకంలో అలా ఉందని ఏదో పంతులు చెప్పాడన్నారు. ఇంకోసారి ఒక ఫ్లాటు కొనడానికి వచ్చినాయన అడిగితే, "చిన్నప్పుడు ఎద్దుబండి మీంచి పడ్డానండి, తలకి తగిలింది," అన్నారు. వచ్చినాయన నవ్వాడు. నేను ఈ మూడింట్లో ఏది నిజమో ఆలోచిస్తూ కూర్చున్నాను. చిన్నతనంలో మా తాతగారి కారు వెనక పరిగెత్తి ఉంటాడు, ఆ కసే ఇదంతా, అని నాన్నగారు తేల్చేశారు. నాకూ అదే నమ్మాలని ఉండేది. మా కారు ఒకరి బతుకంతటికీ కారణమైతే అదొక గౌరవం కదా. ఒకరోజు ధైర్యం చేసి, పాలకొల్లు దగ్గర మా కారు గుర్తుందేమోనని కదిపాను. ఆయన కాసేపు ఆలోచించి, "మీకు కారుండేదాండి?" అన్నారు.

ర్యాలీ కారులో ఇద్దరుంటారు. నడిపేవాడి పక్కన ఇంకొకడు ఒడిలో పుస్తకం పెట్టుకుని ముందు రాబోయే మలుపుల్ని చదువుతూ ఉండాలి. పోటీకి ముందు ఆ దారంతా మెల్లగా తిరిగి, నడిపేవాడు చెబుతుంటే పక్కవాడు రాసుకుంటాడు. పోటీలో కళ్ళతో చూసి తిప్పే వ్యవధి ఉండదు. చెవితో విని తిప్పాలి. అందరూ మలుపులకి అంకెలు పెట్టుకుంటారు. ఎంత పెద్ద అంకె అయితే అంత తేలిక మలుపు. వీర్రాజు గారి పక్కన కోయంబత్తూరు నుంచి ఒకతను కూర్చునేవాడు, చాలా అనుభవం ఉన్నవాడు. అతను అలాగే చదివేవాడు. ఈయనకి అది ఎక్కేది కాదు. "మూడంటే నాకు మూడో అంతస్తు గుర్తొత్తదండి, మలుపు గుర్తు రాదు," అనేవారు. అందుకని సొంత పేర్లు పెట్టుకున్నారు. కొంచెమే వంగితే అరటికాయ. లోపలికి కోసుకుంటూ పోతే కొడవలి. వచ్చిన వైపుకే తిరిగిపోతే గాలం. నిటారుగా పక్కకి విరిగితే మూలమట్టం, అంటే మేస్త్రీలు గోడ మూల సరిచూసే పనిముట్టు. ఆ పుస్తకాలని ఆఫీసులో నేను గుండ్రని అక్షరాలతో శుభ్రంగా తిరగరాసి ఇచ్చేవాణ్ణి. కోయంబత్తూరతను వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకుని, నోరు తిరక్క తిప్పలు పడి, చివరికి ఒకరోజు ఈ కూరగాయలు చదవడం తన వల్ల కాదని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అలా నా వంతు వచ్చింది. ఆ పేర్లు తెలిసినవాణ్ణి, తప్పు లేకుండా చదవగలిగినవాణ్ణి ఆయన కాక నేనొక్కణ్ణే. మా ఇంట్లో మగవాళ్ళు కారు ముందు సీట్లో కూర్చోరు. డ్రైవరు పక్కన కూర్చోకూడదని తాతగారి కట్టడి. ఆ సంగతి చెబుదామనుకున్నాను. "మీరయితేనే చెవికి ఆనుతాదండి," అన్నారు ఆయన. బతిమాలినట్టు లేదు, ఆజ్ఞాపించినట్టూ లేదు. ఆ ఏడాదికి ఆయనకి యాభై ఎనిమిది. వచ్చే ఏడాది లైసెన్సుకి సంతకం పెట్టనని డాక్టరు చెప్పేశాడు. ఆ ఏడు రెండు పోటీలయ్యాయి, తన తరగతి కార్లలో ఆయనే ముందున్నారు. మిగిలింది ఒక్కటి. అది పూర్తి చేస్తే చాలు, ఏడాది మొత్తానికి మొదటి స్థానం ఆయనది. పదిహేనేళ్ళలో ఎప్పుడూ రానిది. దాని కోసం తన పేరు మీద మిగిలిన చివరి రెండు ఫ్లాట్లూ అమ్మేశారని నాకు తెలుసు, ఆ కాగితాలు రాసింది నేనే. నేను ఒప్పుకున్నాను. నాన్నగారికి చెప్పలేదు.

మారేడుమిల్లి ఘాటు మీద తెల్లవారుజామున సాధన చేసేవాళ్ళం. మొదటి రోజు నాలుగో గాలం దగ్గర వాంతి చేసుకున్నాను. షెడ్డు మెకానిక్ అబ్బులు మంచినీళ్ళ సీసా అందిస్తూ, "దివాణంలో తిన్నదంతా బయటికొచ్చేసిందండి," అన్నాడు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. కాని మూడో వారానికి నాకొక సంగతి తెలిసింది. హెల్మెట్లో మైకు ఉంటుంది. నేను మాట్లాడే ప్రతి మాటా తిన్నగా ఆయన చెవిలోకే వెళుతుంది. ఆ కారులో ఎవర్నీ పిలవనక్కర్లేదు. పుస్తకం చదివితే చాలు. "కుడి కొడవలి, నలభై గజాలు, ఎడమ అరటికాయ, తూము, గట్టెక్కి మూలమట్టం." నేను ఏది అంటే ఆ రెండు చేతులూ అది చేసేవి. లోకంలో నాకు ఇంత సుఖంగా మాట్లాడే చోటు ఇంకొకటి దొరకలేదు. ఆయన కూడా, "పంచాంగం చదివినట్టు చదువుతారండి బాబుగారు, బయం రాదు," అన్నారు. అది పొగడ్తేనని ఇవాళ్టికీ అనుకుంటున్నాను.

పోటీ కర్ణాటకలో, కాఫీ తోటల మధ్య. మొదటి రోజు బాగా జరిగింది. రెండో రోజు మధ్యాహ్నం ఆఖరి దారి. ముందు రోజు వాన పడి వెలిసింది, ఎండకి మట్టి పైపొర ఆరి దుమ్ము రేగుతోంది. మాకు తొందర లేదు. చివరికి చేరితే చాలు. ఆ మాట పొద్దున ఆయనే అన్నారు. కాని కారులో కూర్చున్నాక ఆయనకి ఆ మాట గుర్తుండదు. సగం దారి దాటాక నేను "కుడి కొడవలి, అరవై గజాలు" అని చదివాను. చదివి తలెత్తాను. తలెత్తకూడదు, చదివేవాడి కళ్ళు పుస్తకం మీదే ఉండాలి. ఎందుకు ఎత్తానో తెలియదు. కుడి మలుపులో ఎడమ పక్క కూర్చున్నవాడికి రోడ్డు ముందు కనిపిస్తుంది. మలుపు అవతల, దారి మీద సగం దాకా అడ్డంగా, ఒక పెద్ద కొమ్మ పడి ఉంది. మేము రాసుకున్నప్పుడు అది లేదు. మా ముందు వెళ్ళిన కారు తగిలి పడిందో, తనంతట తానే విరిగిందో.

పుస్తకంలో లేని మాట చెప్పాలి. అంటే ఆయన్ని పిలవాలి. నా నోట్లో ఆ క్షణాన రెండు గొంతులున్నాయి. ఒకటి మా నాన్నగారిది, 'ఒరే వీర్రాజూ' అంటోంది. రెండోది తొమ్మిదేళ్ళుగా కవరు అందుకుంటున్న మనిషిది. ఒకే గుమ్మంలోంచి ఇద్దరు ఒకేసారి బయటికి రాబోయి ఇరుక్కుపోయినట్టు ఆ రెండూ గొంతులో ఇరుక్కున్నాయి. బయటికి వచ్చింది దగ్గు. ఒక్క దగ్గు. ఆఫీసు గుమ్మంలో నిలబడి దగ్గినట్టే దగ్గాను.

అర ఊపిరి. అంతకన్నా ఉండదు. తరవాత బ్రేకు పడింది, కాలిన వాసన వచ్చింది, కారు కొమ్మ మీదికి ఎక్కి, పక్కకి ఒరిగి, కాఫీ మొక్కల్లోకి రెండుసార్లు దొర్లింది. నాకు భుజం దగ్గర ఎముక విరిగింది. ఆయన కుడికాలు రెండు చోట్ల విరిగింది. తలకిందులుగా బెల్టుకి వేలాడుతూ, హెల్మెట్లోంచి ఆయన మొదట అడిగిన మాట, "బాబుగారండి, ఉన్నారాండి?" అని. "ఉన్నాను," అన్నాను.

ఆసుపత్రిలో పోటీవాళ్ళు వచ్చి అడిగారు. సత్యవతి గారు రాజమండ్రి నుంచి వచ్చి అడిగారు. అందరికీ ఆయన ఒకే జవాబు చెప్పారు. "బాబుగారు బాగానే చదివేరు. నాదే తొందరండి." పక్క మంచం మీద పడుకుని నేను వింటున్నాను. తొందర ఆయనదే కావచ్చు. ఆ వేగంలో నేను అరిచినా ఆగేది కాదేమో. ఆగి ఉండేదేమో. కొమ్మ సగం దారికే అడ్డంగా ఉంది, ఎడమ పక్కగా ఒక కారు పట్టేంత సందు ఉంది, అది నేను తరవాత పదే పదే లెక్క వేసుకున్నాను. అర ఊపిరిలో కారు ఎంత దూరం వెళుతుందో కాగితం మీద వేసుకున్నాను. ఒక్కోసారి సరిపోయేది, ఒక్కోసారి సరిపోయేది కాదు. ఇంటికి వచ్చాక నాన్నగారికి సంగతంతా చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "వాడు నిన్నేమీ అనలేదా?" అని అడిగారు. అనలేదన్నాను. "అనాల్సింది," అన్నారు నాన్నగారు. ఎనభై తొమ్మిదేళ్ళ మా నాన్నగారు పనివాళ్ళ పక్షాన ఒక మాట మాట్లాడటం నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ మాట ఆయన ఏ ఉద్దేశంతో అన్నారో అదీ నాకు అంతుపట్టలేదు.

ఆయన మళ్ళీ పోటీ కారు ఎక్కలేదు. కాలు కుదురుకుంది గాని కుంటు మిగిలింది. షెడ్డు అమ్మేశారు. ఇక ఆఫీసు లేదు, నన్ను మానేయమన్నారు. నేను మానలేదు. ధవళేశ్వరంలో ఒక ఇంటి ప్రహరీ ఒప్పుకున్నారని తెలిసి, ఏవో మున్సిపాలిటీ కాగితాలు పట్టుకుని వెళ్ళాను. ఆ కాగితాలు అంత అవసరమైనవి కావు. ఆయన కాలు చాపుకుని చిన్న పీట మీద కూర్చుని, తానే ఇటుకలు పేరుస్తున్నారు. మొదలుపెట్టిన చోటికే వచ్చారని జాలిపడదామని చూశాను. ఆయన ముఖం దానికి చోటివ్వలేదు. ఇటుక మీద సిమెంటు పామి, తాపీ పిడితో రెండు దెబ్బలు కొట్టి, తల ఎత్తకుండానే అన్నారు.

"ఆ రోజు దగ్గేరు గదండీ."

"ఏ రోజు?" అన్నాను. తెలిసే అడిగాను.

"కొమ్మ కాడండి. నేనిన్నానండి."

చేతిలో కాగితాలు మడిచాను. "వినబడితే బ్రేకు వేయాల్సింది," అన్నాను. అప్పుడు కూడా గోడతో అన్నట్టే అన్నాను.

"ఏద్దునండి," అన్నారు ఆయన. ఇంకో ఇటుక తీసుకుని, తిప్పి చూసి, అటు పక్క పెట్టారు. "ఎనకాల మాట వత్తదేమోనని చూసేనండి." అని నవ్వారు. గట్టిగానే నవ్వారు. "ఆ దారం ఇలా అందుకోండి బాబుగారు, వరస వంకర పోతంది."

దారం అందించాను. ఆయన ఒక కొస మేకుకి కట్టారు, రెండో కొస నేను పట్టుకున్నాను. ఆ వరస అయ్యేదాకా పట్టుకునే నిలబడ్డాను. అప్పుడు అడగవచ్చు. నిజంగా నా మాట కోసమే ఆగారా, లేక నన్ను ఆట పట్టిస్తున్నారా? ఆ దారంతా దుమ్ము, నేను అంతకు ముందూ రెండు మూడుసార్లు దగ్గాను. అన్నిట్లోనూ ఆ ఒక్క దగ్గే పిలుపని ఆయనకెలా తెలుస్తుంది? తెలియదని ఒకరోజు అనుకుంటాను. కాంక్రీటు మిషను రొదలో పోల్చినవాడికి అది ఒక లెక్కా అని ఇంకోరోజు అనుకుంటాను. నా బరువు సగం తన మీద వేసుకుందామని ఆ మాట అని ఉంటారు. లేదా, ఆ బరువు నాదేనని మర్యాదగా అప్పగించి ఉంటారు. ఏది అనుకున్నా రెండోది వచ్చి పక్కన కూర్చుంటుంది. అడిగితే తేలిపోయేది. అడగడానికి ముందు పిలవాలి. దారం కొస పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆ శ్రావణంలో ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. పెద్దకార్యానికి కోయంబత్తూరు నుంచి ఆ పాత చదివేవాడు వచ్చాడు, ఇంకో నలుగురు డ్రైవర్లు వచ్చారు. మేస్త్రీలు చాలామంది వచ్చారు. భోజనాలయ్యాక సత్యవతి గారు నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఆవిడ అంతవరకు నాతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండరు. "మీ దగ్గు బాగా దగ్గేవారండి ఆయన, ఇంట్లో. అచ్చం మీలాగే. నేను అలిగి పడుకుంటే గుమ్మం కాడ నిలబడి దగ్గేవారు. నవ్వొచ్చేసేదండి," అన్నారు. అంటూనే ఏడ్చారు. ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ నేను నవ్వులాటగా ఉన్నానని తెలిస్తే నాకు కోపం రావాలి. వచ్చిందో లేదో చెప్పలేను. ఆవిడని ఇంకొకసారి చెప్పమని మాత్రం అడిగాను.

ఆయన వల్ల నేను మంచివాణ్ణయ్యానని, గర్వం వదిలానని రాస్తే చదవడానికి బాగుంటుంది గాని అది నిజం కాదు. నా వెన్ను ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది, మా దివాణం మాట వస్తే ఇప్పటికీ గొంతు మారుతుంది. ఒక్కటే మారింది. కారులోగాని ఆటోలోగాని ముందు సీట్లోనే కూర్చుంటున్నాను, కూర్చున్నాక నోరు మూసుకోలేకపోతున్నాను. మొన్న బస్సు రాకపోతే ఆటో ఎక్కాను. డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని, ముందు అతని పేరు అడిగాను. శ్రీనివాసు అన్నాడు. "శ్రీనివాసు గారూ, ముందర గుంట ఉంది," అన్నాను. "శ్రీనివాసు గారూ, ఎడం పక్క సైకిలు." "శ్రీనివాసు గారూ, గేదె." వెనక కూర్చున్నవాళ్ళు నవ్వుకున్నారు. అతను కొంతసేపు ఓర్చుకుని, "నాకూ కనపడ్తందండి పెద్దాయనా," అన్నాడు. కనబడుతుందని నాకూ తెలుసు. అయినా ఊరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.